ఒకే గీత మీద ఇద్దరు ప్రిన్సిపాళ్ళు

కొత్తగా లెక్చరర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు బ్రాడీపేటలో మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాడి దగ్గర అనుభవం ఉంటుందని వాళ్ళ నమ్మకం. కాఫీ తాగుతారు, నా ఉద్యోగంలో మరిచిపోలేని సంఘటన ఏదైనా చెప్పమంటారు. ముప్పై రెండేళ్ళు దర్శిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పాను. అందులో ముప్పై ఒకటిన్నర ఏళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేదు. పాఠం చెప్పాను, పేపర్లు దిద్దాను, అటెండెన్స్ వేశాను. మిగిలిన ఆరు నెలల్లో మాత్రం మా కాలేజీలో ఒక యూరప్ దేశపు రాజకీయ వ్యవస్థ అమలైంది. దాన్ని అమలు చేసినవాళ్ళలో ఆ వ్యవస్థ గురించి చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి తప్పులో పెద్ద వాటా నాదే. ఇది వినయం కాదు, సీనియారిటీ.

ఆ దేశం పేరు శాన్ మరీనో. చుట్టూ ఇటలీ, మధ్యలో ఒక కొండ, ఆ కొండను అంటుకుని కొంచెం నేల. జనాభా దాదాపు దర్శి ఊరంత. రాజు లేడు. అరవై మంది సభ్యుల కౌన్సిల్ ఒకటి ఉంటుంది. ఆ కౌన్సిల్ ఆరు నెలలకొకసారి ఇద్దరిని దేశాధినేతలుగా ఎన్నుకుంటుంది. ఏప్రిల్ ఒకటిన ఒక జత ఎక్కుతుంది, అక్టోబరు ఒకటిన ఇంకో జత. ఇద్దరిదీ సమాన హోదా. ఒకరు చేసేదాన్ని ఇంకొకరు ఆపవచ్చు. ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ మూడేళ్ళ దాకా ఆ కుర్చీ ఎక్కకూడదు. అన్నిటికంటే బాగున్నది చివరిది. పదవి దిగిన వెంటనే కొద్ది రోజుల పాటు ఏ పౌరుడైనా వాళ్ళ మీద ఫిర్యాదు ఇవ్వవచ్చు. చేసిన పని మీదా ఇవ్వవచ్చు, చేయాల్సి ఉండి చేయని పని మీదా ఇవ్వవచ్చు. పస ఉంటే విచారణ జరుగుతుంది.

ఇది మా సిలబస్‌లో లేదు. స్విట్జర్లాండ్ పాఠం అయిపోయాక పీరియడ్‌లో పది నిమిషాలు మిగిలితే చెప్పేవాణ్ణి. పరీక్షకు రాదని తెలియగానే పిల్లలు పెన్నులకు మూతలు పెట్టి శ్రద్ధగా వినేవాళ్ళు.

నా సర్వీసు ఇంకో ఏడాది ఉందనగా, జూన్ ఆఖర్లో మా ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యారు. ఆ కుర్చీకి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. ఒకాయన కామర్స్, ఒకాయన కెమిస్ట్రీ. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. కామర్స్ ఆయన పొద్దున చేరారు, కెమిస్ట్రీ ఆయన మధ్యాహ్నం చేరారు. అయితే కెమిస్ట్రీ ఆయన వయసులో నాలుగు నెలలు పెద్ద. ఆ ఉదయం ఆయన బస్సు టైరు పంక్చరు కాకపోయి ఉంటే ఈ గొడవే లేదు. ఒక బస్సు టైరు వల్ల మూడు దశాబ్దాల పాటు ఇద్దరు పెద్దమనుషులు ఒకరి నమస్కారానికి ఒకరు ప్రతినమస్కారం చేసుకోకుండా గడిపారు. చేరిన రోజు కాగితాలు ఇద్దరూ లామినేషన్ చేయించి పెట్టుకున్నారు. కాలేజీ కమిటీలో సగం మంది ఇటు, సగం మంది అటు. కమిటీ అంటే మిరపా, పొగాకూ పండించే పెద్ద రైతులు, ఇద్దరు వ్యాపారులు. విద్యారంగం మీద వాళ్ళకున్న అభిప్రాయం ఏమిటంటే, కాంపౌండు గోడ బాగుండాలి.

కాలేజీ కరస్పాండెంటు గారికి పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. ఆ వేసవిలో ఆయన మిల్లుల వాళ్ళతో కలిసి యూరప్ టూరు వెళ్ళొచ్చారు. ఎనిమిది దేశాలు, పదకొండు రోజులు. తిరిగొచ్చాక నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఫోనులో ఒక ఫోటో చూపించారు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న సిపాయి పక్కన మా కరస్పాండెంటు గారు, చేతిలో నిమ్మకాయ పులిహోర డబ్బాతో.

"మాస్టారూ, కొండ మీద ఊరు. అదే దేశమంట. దానికి ఇద్దరు ప్రెసిడెంట్లంట. నిజమేనా, గైడు కోతలు కోశాడా?"

"నిజమేనండి."

"మరి కొట్టుకోరా?"

"ఆరు నెలలే కదండి. కొట్టుకునేంత టైముండదు."

ముప్పై రెండేళ్ళలో నేను వేసిన జోకుల్లో అమలైంది ఇదొక్కటే. ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వడం ఆపి కిటికీలోంచి కాంపౌండు గోడ వైపు చూశారు. ఆయన అలా చూశారంటే ఒక నిర్ణయం వస్తుందని స్టాఫందరికీ తెలుసు. ఆ దేశం పద్ధతి ఒక పేజీలో రాసి ఇమ్మన్నారు, కమిటీలో పెడతానన్నారు.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఐదు పాయింట్లు రాశాను. ఇద్దరు, ఆరు నెలలు, ఒకరినొకరు ఆపే హక్కు, మూడేళ్ళ విరామం, దిగాక ఫిర్యాదు. తిరిగి చదువుకుంటూ ఉండగా ఒక లెక్క తట్టింది. ఈ ఇద్దరూ డిసెంబరులో దిగితే, మూడేళ్ళ నిబంధన వల్ల మళ్ళీ ఎక్కలేరు. సీనియారిటీలో వాళ్ళ తర్వాత నేనూ, జువాలజీ ఆయనా ఉన్నాం. జనవరి నుంచి జూన్ దాకా మా వంతు. జూన్ ఆఖరున నా రిటైర్మెంటు. అంటే ప్రిన్సిపాల్‌గా రిటైరవుతాను. ప్రిన్సిపాల్ గదిలో గోడకు చెక్క పలక ఉంటుంది, దాని మీద పసుపు రంగుతో పేర్లు. నా పేరు అక్కడ ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. తర్వాత ఐదో పాయింటు చూశాను. దిగాక ఫిర్యాదు. అంటే నేను దిగాక నా మీద. రిటైరయ్యే నెలలో అలాంటివి ఎవరికి కావాలి?

నోటు మళ్ళీ రాశాను. నాలుగు పాయింట్లే ఉన్నాయి. పేజీలో చక్కగా ఇమిడింది.

నేను రాయని సంగతి ఇంకొకటి ఉంది. శాన్ మరీనోలో ఆ ఇద్దరూ ఎక్కువగా మర్యాదకు ఉంటారు. రోజువారీ పాలన మంత్రులు చూసుకుంటారు. మాకు మంత్రులు లేరు. ఆఫీసు సూపరింటెండెంటు ఒకాయన ఉన్నారు, మోకాళ్ళ నొప్పులతో.

కమిటీకి నోటు తెగ నచ్చింది. రెండు పక్షాలూ గెలిచాయి, ఎవరి కుర్చీలో వాళ్ళ మనిషి. కరస్పాండెంటు గారు నా నోటుని ఫ్రేము కట్టించి నోటీసు బోర్డు పక్కన పెట్టించారు. ప్రతి కాగితం మీదా ఇద్దరి సంతకాలు ఉండాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానాన్ని యూనివర్సిటీకి తెలియజేస్తూ ఉత్తరం రాసే పని నాకిచ్చారు. ఇద్దరి సమ్మతి లేని ఏ ధ్రువపత్రాన్నీ మా కాలేజీ ఇచ్చినదిగా పరిగణించరాదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం నాకు చాలా ఇష్టంగా ఉండింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

జూలై ఒకటిన గదిలో రెండో కుర్చీ వేశారు. బల్ల ఒకటే. కెమిస్ట్రీ ఆయన వాస్తు చూసి బల్లను నైరుతికి జరిపించారు. మర్నాడు కామర్స్ ఆయన గాలి ఆడటం లేదని కిటికీ దగ్గరికి జరిపించారు. నెల తిరిగేసరికి ఆ బల్ల నాలుగు కాళ్ళూ గచ్చు మీద దారులు చేశాయి. బెల్లులు రెండు తెప్పించారు. ఏ బెల్లు ఎవరిదో తెలియక అటెండరు లోపలికి వెళ్ళి మధ్యలో నిలబడి ఎవరి వైపూ చూడకుండా "పిలిచారండీ" అనేవాడు. కాలేజీ మొత్తంలో రాజ్యాంగాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది అతనే.

ఇద్దరికీ నా నోటులో నచ్చిన పాయింటు మూడోది. ఆపే హక్కు. ముప్పై ఏళ్ళ పాటు ఆపలేకపోయినవన్నీ ఆపడం మొదలుపెట్టారు. ఒకాయన ఆలస్యంగా వచ్చేవాళ్ళకు రిజిస్టరు పెట్టమంటే ఇంకొకాయన ఆపారు. ఇంకొకాయన ల్యాబుకి తాళాలు మార్చమంటే ఒకాయన ఆపారు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు జెండా తాడు ఎవరు లాగాలన్న దగ్గర కార్యక్రమం పది నిమిషాలు ఆగింది. చివరికి ఇద్దరూ కలిసి లాగారు. ఎన్‌సీసీ పిల్లలు నవ్వు ఆపుకోలేక సెల్యూట్ ఇంకొంచెం గట్టిగా కొట్టారు.

స్టాఫ్ రూములో మేమంతా బాగా నవ్వుకున్నాం. నేను అందరికంటే కొంచెం తక్కువ నవ్వేవాణ్ణి, కాబోయే ప్రిన్సిపాల్ని కదా.

నవ్వు ఆగింది టీసీల దగ్గర. డిగ్రీ అయిపోయిన పిల్లలు పై చదువుకి వెళ్ళాలంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ కావాలి. ఆ ఫారం మీద కింద కుడి మూల ఒక గీత ఉంటుంది, గీత కింద 'ప్రిన్సిపాల్' అని అచ్చు. గీత ఒకటే. గీత మీద సంతకం చేసినవాడు ప్రిన్సిపాల్, దాని కింద చేసినవాడు ఇంకెవరో. ఇది వాళ్ళ వాదన, ఇద్దరిదీ. స్కేలు పెట్టి గీతను రెండు సగాలు చేద్దామని సూపరింటెండెంటు గారు అన్నారు. ఎడమ సగం ఎవరిది అన్నారు వాళ్ళు. రెండు గీతలతో కొత్త ఫారాలు అచ్చు వేయిద్దామని ప్రూఫు తెప్పిస్తే అదీ అక్కడే ఆగింది. ఎడమ గీత ముందు చదువుతారు కదా అని ఒకాయన, కుడి గీత సీలు పక్కన ఉంటుంది కదా అని ఒకాయన. నలభై టీసీలు ఒక ఫైలులో పడి ఉన్నాయి. ఒక్కదాని మీదా సంతకం లేదు. సమానత్వం అంత కచ్చితంగా అమలైన ఫైలు నేను ఇంకెక్కడా చూడలేదు.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఒక అమ్మాయి, వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చారు. అప్పట్లో నేను దర్శిలోనే అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. అమ్మాయి నా బీఏ క్లాసులో మొదటి బెంచీ. దర్శికి ఆరు మైళ్ళ అవతల ఊరు. కౌలుకి తీసుకున్న రెండెకరాల్లో ఒక ఎకరం పత్తి, ఒక ఎకరం మిరప. వాళ్ళమ్మ పత్తి చేలోంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగు మీద దూది పోగులు ఉన్నాయి. గుంటూరు దగ్గర యూనివర్సిటీలో అమ్మాయికి ఎంఏ పొలిటికల్ సైన్స్ సీటొచ్చింది. బుధవారం తెలిసింది. శనివారం సాయంత్రం ఐదు లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో రిపోర్ట్ చేయాలి. టీసీ లేదు. గురువారం, శుక్రవారం కాలేజీ వరండాలో కూర్చున్నారట.

"సీటొచ్చిందయ్యా మా పిల్లకి," అందా తల్లి. "కాయితం మీద ఇద్దరు సంతకం పెట్టాలంట. ఇద్దరూ ఉన్నారు. కలాలున్నాయి. ఇంకేం కావాలో చెప్పు, అది తెచ్చిస్తా."

చొక్కా వేసుకుని బయల్దేరాను.

సూపరింటెండెంటు గారు ఫైలులోంచి టీసీ తీసి సీలు వేసి ఇచ్చారు. కామర్స్ ఆయన గదిలోనే ఉన్నారు. అమ్మాయి సంగతి చెప్పాను. ఆయన మంచి మనిషే, అడ్మిషన్ పోతుందంటే బాధపడ్డారు. ముందు నేనే పెడతానన్నారు. పెట్టారు. గీత ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా, ఇంటిపేరుతో సహా, ఒక చీమకి కూడా చోటు మిగలకుండా పెట్టారు. చేతి రుమాలుతో సిరా అద్ది, "ఇక ఆయనదే ఆలస్యం" అన్నారు.

ఆయన అంటే కెమిస్ట్రీ ఆయన. ఆయన ఆ రోజు సెలవు. కొత్త కారు కొన్నారు, పూజకి పెదకాకాని వెళ్ళారు. ఈ పక్క కొత్త బండి కొన్నవాడు పెదకాకాని వెళ్ళకుండా దాన్ని రోడ్డెక్కించడు. ఒక విధంగా కలిసొచ్చింది, యూనివర్సిటీ ఆ దారిలోనే. ముగ్గురం గుంటూరు బస్సెక్కాం. అద్దంకి దాటేదాకా అమ్మాయి ప్లాస్టిక్ సంచిలో సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంది. తర్వాత వాళ్ళమ్మ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చిలకలూరిపేటలో నేను జామకాయలు కొన్నాను. ఎవరూ తినలేదు.

గుంటూరులో దిగి ఆటో ఎక్కి గుడి దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. బయట వరసగా కొత్త బండ్లు, ట్రాక్టర్లు, ఆటోలు. తెల్ల కారు పక్కన కెమిస్ట్రీ ఆయన పట్టు పంచెలో ఉన్నారు. నుదుట కుంకుమ, మెడలో పూలదండ. కారుకీ అంతే. నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టారు, ఇక కదలడమే తరువాయి. ఆయన భార్య నన్ను పలకరించి ప్రసాదం పెట్టారు.

విషయం చెప్పి కాగితం చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. గీత వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"నేనెక్కడ పెట్టాలి మాస్టారూ?"

"కింద ఖాళీ ఉందండి."

"కింద," అన్నారాయన. ఆ మాటను కారు పక్కన కింద పెట్టి చూసుకుంటున్నట్టు అన్నారు. "నేను కింద పెడితే రేపు చరిత్రలో ఏముంటుంది? ఆయన ప్రిన్సిపాల్, నేను సాక్షి."

నేను ఆయనకు తెలిసిన భాషలోనే చెప్పి చూశాను. పైన పెట్టమన్నాను, పక్కన పెట్టమన్నాను, వెనక పెట్టమన్నాను. అమ్మాయి వాళ్ళమ్మ చేతులు జోడించి, "అయ్యా, ఎక్కడ పెడితే ఏం, నీ పేరుంటే చాలంట" అంది. ఆయన ఆవిడతో చాలా మర్యాదగా మాట్లాడారు. ఇది వ్యక్తిగతం కాదమ్మా, ఇది పద్ధతికి సంబంధించింది అన్నారు. మీ అమ్మాయంటే నాకు కోపం లేదన్నారు. ఇలాంటిది ఇవాళ ఒప్పుకుంటే ఇక అన్నీ ఇలాగే వస్తాయన్నారు. తర్వాత కొత్త కారు బానెట్ మీద కాగితం పెట్టి, జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, నా నోటులో మూడో పాయింటు తనకిచ్చిన హక్కును వినియోగించుకున్నారు. 'నిలుపుదల చేయడమైనది' అని రాశారు. రాసి సంతకం పెట్టారు, తేదీ వేశారు.

అమ్మాయి కాగితం తీసుకుని చూసింది.

"సార్, కిందే పెట్టారు," అంది.

నిజమే. కామర్స్ ఆయన సంతకానికి సరిగ్గా అరంగుళం కింద. ఆయన అప్పుడు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ ముఖంలో నాకు ఒక మనిషి కనబడ్డాడు, ఒక్క క్షణం. తర్వాత ఆయన కారెక్కారు. నిమ్మకాయలు చితికాయి. పూజారి శుభం పలికాడు.

రెండు సంతకాలు ఉన్నాయి కదా, అడిగి చూద్దాం అన్నాను. ఆశ కాదు, ఊరికే వెనక్కి బస్సెక్కలేక. దారిలో అమ్మాయి అడిగింది.

"సార్, ఆ దేశంలో దిగిపోయాక ఫిర్యాదు ఇవ్వొచ్చని క్లాసులో చెప్పారు కదా. నోటీసు బోర్డులో మీ నోటులో అది లేదేంటి?"

"పేజీ సరిపోలేదమ్మా."

ఆ నోటులో అడుగున నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. ఫ్రేము కట్టాక ఇంకా బాగా కనబడేది.

యూనివర్సిటీ కౌంటరులో ఒకావిడ ఉన్నారు, మా వయసే. ఓపికగా టీసీ చదివారు. ఆకుపచ్చ రాత దగ్గర ఆగి, ఇదేమిటండీ అన్నారు. మా కాలేజీలో పద్ధతి కొంచెం వేరని చెప్పబోయాను. తెలుసండీ అని బీరువాలోంచి ఒక ఫైలు తీసి, మా ఉత్తరం నా ముందు పెట్టారు. నా వాక్యం మీద ఎవరో పసుపు రంగు పూశారు.

"ఇద్దరి సమ్మతి ఉండాలని మీవాళ్ళే రాశారు. ఇందులో ఒకరు ఆపమంటున్నారు. నేనేం చేసేది? ఎవరు రాశారో గానీ, అటూ ఇటూ వంగకుండా రాశారు."

"నేనేనండి."

ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు.

"అయితే మీకు నేను వివరించక్కర్లేదు," అన్నారు.

అక్కడి నుంచి కెమిస్ట్రీ ఆయనకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. కొత్త కారు కదా, ఎత్తలేదు. కరస్పాండెంటు గారు ఎత్తారు, కానీ ఇద్దరి మధ్య తాను వేలు పెడితే పద్ధతి చెడిపోతుందన్నారు. పద్ధతి మీద ఆయనకంత గౌరవం ఉందని నాకప్పుడే తెలిసింది. ఐదింటికి కౌంటరు మూశారు. అమ్మాయి ఏడవలేదు. సర్టిఫికెట్లు సైజుల వారీగా సర్ది సంచిలో పెట్టుకుంది. వాళ్ళమ్మ మాత్రం ఒక మాట అడిగింది, ఈ సీటు ఇప్పుడు ఎవరికిస్తారు అని. తర్వాత ర్యాంకు వాళ్ళకి అన్నాను. "పోనీలే, ఎవరో ఒకళ్ళ పిల్ల" అంది. నేను ఆ రోజు విన్న మాటల్లో పాలకుడు మాట్లాడదగ్గది అదొక్కటే.

డిసెంబరు ఆఖరున కమిటీ సమావేశమైంది. పాత జతకి శాలువాలు, కొత్త జతకి దండలు. కొత్త జత అంటే నేనూ, జువాలజీ ఆయనా. చెక్క పలక మీద పేర్లు రాయడానికి పెయింటరు వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

శాలువాలు కప్పబోతుండగా ఆ తల్లీకూతుళ్ళు లోపలికి వచ్చారు. అమ్మాయి కరస్పాండెంటు గారి చేతికి రెండు పేజీల కాగితం ఇచ్చింది. పరీక్షలో రాసినట్టే రాసింది, సైడు హెడ్డింగులతో, కింద గీతలతో. మొదటి హెడ్డింగు 'చేసినవి', రెండోది 'చేయనివి'. పదవి దిగుతున్న ఇద్దరి మీద ఫిర్యాదు. ఆయన పైకి చదివారు. కారు బానెట్ దగ్గరికి వచ్చేసరికి కమిటీలో ఒకరిద్దరు నేల చూపులు చూశారు.

"ఇదెక్కడి పద్ధతి? నోటులో లేదు," అన్నారు కామర్స్ ఆయన.

"లేదు," అన్నారు కెమిస్ట్రీ ఆయన. ఆరు నెలల్లో ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం అది.

కరస్పాండెంటు గారు నా వైపు తిరిగారు. "ఏం మాస్టారూ? ఆ దేశంలో ఇలాంటిదుందా?"

లేదండి అంటే అయిపోయేది. అక్కడున్నవాళ్ళలో ఎవరూ వెళ్ళి చూసొచ్చేవాళ్ళు కాదు. చూసొచ్చిన ఒక్కాయన పులిహోర తిని వచ్చారు. అమ్మాయి నా వైపు చూడటం లేదు, కాగితం వైపు చూస్తోంది. ఇంటికొచ్చే కుర్ర లెక్చరర్లకి నేను ధైర్యంగా నిలబడ్డానని చెప్పుకోవాలని ఉంది. అలా జరగలేదు. ఆ అమ్మాయికి జవాబు తెలుసు. తెలిసినవాళ్ళ ముందు తప్పు జవాబు చెప్పడం లెక్చరరుకి అలవాటు లేని పని, అంతే.

"ఉందండి. నేను రాసి, తీసేశాను."

"ఎందుకు?"

"తర్వాత వంతు నాది కాబట్టి."

ఎవరైనా తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు. జువాలజీ ఆయన తన కుర్చీని నా నుంచి కొంచెం అటు జరుపుకున్నారు. వెనక నుంచి ఆ తల్లి గొంతు వచ్చింది, నెమ్మదిగానే.

"అయితే ఇదంతా తెలిసే మాతో బస్సెక్కావా అయ్యా?"

ఆ ప్రశ్నకి నేను సైడు హెడ్డింగు కూడా రాయలేను.

కమిటీ అరగంటలో తేల్చేసింది. ఇద్దరి పద్ధతి రద్దు. జువాలజీ ఆయన ఒక్కరే ప్రిన్సిపాల్. పాత ఇద్దరి మీద చర్య ఏమీ లేదు, ఎందుకంటే వాళ్ళు కుర్చీలో ఉన్నప్పుడు ఆ నిబంధన వాళ్ళకి తెలియదు. అంటే నేను తీసేసిన పాయింటు నన్ను కాపాడలేదు గానీ వాళ్ళను కాపాడింది. శాలువాలు ఎలాగూ కొన్నారు కాబట్టి ఇద్దరికీ కప్పారు. నాకు ఏ శిక్షా వేయలేదు. జూన్ దాకా పాఠాలు చెప్పి లెక్చరరుగా రిటైరయ్యాను.

జువాలజీ ఆయన ఆ మధ్యాహ్నమే మిగిలిన ముప్పై తొమ్మిది టీసీల మీద సంతకాలు పెట్టేశారు, టీ చల్లారేలోపు. అమ్మాయిది కొత్తగా రాసి ఇచ్చారు. అప్పటికి అడ్మిషన్లు మూసి రెండు నెలలు. ఆ ఏడాది ఆ అమ్మాయి పత్తి తీసింది, తర్వాత మిరప కోసింది, మధ్యలో మళ్ళీ ఎంట్రన్స్ రాసింది. మరుసటి ఏటికి అదే యూనివర్సిటీలో సీటొచ్చింది. మొదటిసారి కంటే మంచి ర్యాంకట. సూపరింటెండెంటు గారు ఫోన్ చేసి చెబితే సంతోషించాను, ఏ సబ్జెక్టు అని అడిగాను. నా సబ్జెక్టే అయి ఉంటుందని, నాకు కొన్ని పాత పుస్తకాలు ఉన్నాయి, పంపిద్దామని.

లైబ్రరీ సైన్స్ తీసుకుందట.

ఎందుకు మార్చుకుందో నేను కనుక్కోలేదు. నెంబరు ఉంది. అడిగితే చెప్పే పిల్ల.